చేప చెప్పిన కిటుకు

1980 సెప్టెంబరు. న్యూయార్క్ రాష్ట్రం, ఆల్బనీ నగరం. స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న పబ్బులోకి బయాలజీ విభాగం ప్రొఫెసర్ ఒకతను వచ్చి కూర్చున్నాడు. వయసు ముప్పై నాలుగు. రికార్డుల్లో నాడ్రియన్ సీమన్, మనుషులకు నెడ్. పబ్బుకు జనం ఆలోచనలు మరిచిపోవడానికి వెళ్తారు. ఇతను తీరిగ్గా ఆలోచించుకోవడానికే వెళ్లాడు. బుర్రలో ఒక బొమ్మ తిరుగుతోంది. ఒకేచోట కలిసి, అక్కడినుంచి ఆరు దిక్కులకు చీలిపోయే డీఎన్‌ఏ. ఆరు చేతుల కూడలి. అలాంటి అణువును అప్పటికి ఎవరూ చేసి చూపలేదు. కాగితం మీద గీద్దామంటే కుదరదు. కళ్లు మూసుకుని ఊహిద్దామంటే చేతులు ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

అలా కూర్చుని ఉండగా ఉన్నట్టుండి ఎషర్ గుర్తొచ్చాడు.

మారిట్స్ ఎషర్ డచ్చి చిత్రకారుడు. అప్పటికి చనిపోయి ఎనిమిదేళ్లయింది. ఎంత ఎక్కినా మొదటికే వచ్చే మెట్లు, ఎత్తుకు పారే నీళ్లు, ఇలాంటి తికమక బొమ్మలతో లెక్కలవాళ్లకూ స్ఫటికాల మీద పనిచేసేవాళ్లకూ మహా ఇష్టుడైపోయిన మనిషి. ఆయన 1955లో చెక్క మీద చెక్కి అచ్చువేసిన ఒక బొమ్మ పేరు ‘డెప్త్’. బొమ్మ నిండా చేపలు. నీళ్లలో ఈదుతున్నట్టు కాదు, ఖాళీలో నిలబెట్టినట్టు ఉంటాయి. ముందున్నవి పెద్దవి, వెనక్కి పోయేకొద్దీ చిన్నవి. పైనా, కిందా, పక్కనా, వెనకా ఎటు చూసినా ఒకే ఎడంతో బారులు తీరి ఉంటాయి. ఒక్కో చేపకు తల ఒకవైపు, తోక ఒకవైపు, వీపు మీద ఒక రెక్క, పొట్ట కింద ఒక రెక్క, కుడికొకటి, ఎడమకొకటి.

లెక్కపెట్టండి. ఆరు.

సీమన్‌కు ఆ క్షణంలో దొరికినవి రెండు. చేప నడిబొడ్డే తన కూడలి అన్నది మొదటిది. రెండోది అంతకంటే పెద్దది. ఆ చేపలు నిలబడ్డ తీరు అచ్చం స్ఫటికంలో అణువులు నిలబడే తీరు. ఒక చేప తోక వెనక చేప తలను పట్టుకుంటే, పైరెక్క పై చేప కిందిరెక్కను పట్టుకుంటే, బారంతా దానంతటదే కట్టుకుపోతుంది. ఎవరూ చేత్తో పేర్చనక్కర్లేదు. డీఎన్‌ఏకు అలా పట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. పబ్బునుంచి బయటపడేసరికి అతని చేతిలో ఒక శాస్త్రం తాలూకు మొదటి పేజీ ఉంది. రుజువు చేయడానికి ఇరవై తొమ్మిదేళ్లు పడుతుందని మాత్రం తెలియదు.

స్ఫటికాలు రాని స్ఫటిక శాస్త్రజ్ఞుడు

అసలు ఈ చేపల గొడవ ఎందుకొచ్చిందో తెలియాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

సీమన్ పుట్టింది షికాగోలో, 1945 డిసెంబరులో. అక్కడే బయోకెమిస్ట్రీ చదివి, పిట్స్‌బర్గ్‌లో డాక్టరేట్ చేసి, కొలంబియా మీదుగా ఎంఐటీలో అలెగ్జాండర్ రిచ్ దగ్గర చేరాడు. 1973లో ఆ బృందం ఆర్‌ఎన్‌ఏ చిన్న తునకలను స్ఫటికాలుగా మార్చి, జన్యు అక్షరాలు జతకట్టే తీరును పరమాణువులు విడివిడిగా కనబడేంత స్పష్టంగా చూపించింది. మంచి పేరొచ్చింది. ఆ పేరుతోనే 1977లో ఆల్బనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడినుంచి కష్టాలు మొదలయ్యాయి.

అతని వృత్తి ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రం. ఒక అణువు ఎలా ఉంటుందో చూడాలంటే ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరిన తీరునుంచి ఆకారాన్ని లెక్కగట్టాలి. ఒక్క అణువుతో ఆ పని కాదు. కోట్లాది అణువులు ఒకే తీరున బారులు కట్టి నిలబడాలి. అంటే స్ఫటికం కావాలి. ఉప్పు, పంచదార స్ఫటికాలు మన వంటింట్లోనే ఉంటాయి. ప్రొటీన్, డీఎన్‌ఏ లాంటి పెద్ద అణువులు అంత సులువుగా లొంగవు. ఎంత ఉప్పు వేయాలి, ఎంత ఆమ్లం ఉండాలి, ఎంత చలిలో ఉంచాలి, ఇవన్నీ మార్చి మార్చి చుక్కలు పెట్టుకోవడం, రోజుల తరబడి ఎదురుచూడటం, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే మురికి తెట్టు కనబడటం. పంట మీద పెట్టుబడి పెట్టినవాడు వాన కోసం చూసినట్టు చూడటమే తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఆల్బనీలో సీమన్‌కు ఆ వాన పడలేదు. స్ఫటికం లేనిదే ప్రయోగం లేదు, ప్రయోగం లేనిదే పేపరు లేదు, పేపర్లు లేని ప్రొఫెసర్‌ను ఏ యూనివర్సిటీ ఎంతకాలం భరిస్తుంది?

ఈ ఎండలోనే, 1979లో, బ్రూస్ రాబిన్సన్ అనే సహచరుడితో కలిసి హాలిడే కూడలి అనే వ్యవహారం మీద లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. తల్లి జన్యువులూ తండ్రి జన్యువులూ ముక్కలు మార్చుకునేటప్పుడు రెండు డీఎన్‌ఏలు కాసేపు నాలుగు రోడ్ల కూడలిలా కలుస్తాయని 1964లో రాబిన్ హాలిడే ప్రతిపాదించాడు. కణంలో ఆ కూడలి ఒకచోట ఆగదు. రెండువైపులా ఒకే అక్షరాల వరుస ఉంటుంది కాబట్టి ముందుకూ వెనక్కూ జారిపోతూనే ఉంటుంది. అక్షరాలు మనమే రాస్తే? రెండువైపులా వేర్వేరు వరుసలు పెడితే జారడానికి దారి ఉండదుగా? కూడలి కదలకుండా నిలుస్తుంది. నాలుగు చేతులు నిలిచినప్పుడు ఆరెందుకు నిలవవు? ఈ ప్రశ్న పట్టుకునే అతను పబ్బుకు వెళ్లింది.

చేపలు చూశాక అతనికి తట్టిన పథకం సాహసమే కాదు, కొంచెం మొండితనం కూడా. ప్రొటీన్లు స్ఫటికాలు కట్టడం లేదు, సరే. డీఎన్‌ఏతో ముందే ఖాళీ గదులున్న స్ఫటికం ఒకటి కడదాం. ఒక్కో గదిలో ఒక్కో ప్రొటీన్‌ను ఒకే భంగిమలో కూర్చోబెడదాం. బారు డీఎన్‌ఏ కడుతుంది, ప్రొటీన్ ఊరికే ఆ బారులో నిలబడితే చాలు. స్ఫటికం కోసం దేవుడి మీద భారం వేయనక్కర్లేదు.

1982లో ‘జర్నల్ ఆఫ్ థియరిటికల్ బయాలజీ’లో ఈ ఆలోచన అచ్చయింది. పత్రిక పేరులోనే ఉంది, అదంతా సిద్ధాంతం. ప్రయోగం ఒక్కటీ లేదు.

పదహారు అక్షరాల పోగులు నాలుగు

డీఎన్‌ఏ గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోక తప్పదు. ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు. ఏ ఎప్పుడూ టీతో, జీ ఎప్పుడూ సీతో జతకడతాయి. జతకట్టిన రెండు పోగులు మెలిదిరిగిన నిచ్చెన అవుతాయి. ఆ నిచ్చెన వెడల్పు రెండు నానోమీటర్లు. ఒక మెలిక పూర్తికావడానికి పదిన్నర మెట్లు, అంటే దాదాపు మూడున్నర నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి. నిచ్చెన చివర ఒక పోగును రెండోదానికంటే కాస్త పొడుగ్గా వదిలేస్తే ఆ మిగిలిన అక్షరాలు తమ జోడీ కోసం వెతుక్కుంటాయి. వీటిని అతుకు కొసలంటారు. జన్యువులను కత్తిరించి అతికించేవాళ్లు అప్పటికే వీటిని రోజూ వాడుతున్నారు. సీమన్ చేసింది ఒక్కటే. తిన్నని నిచ్చెన స్థానంలో కూడలి పెట్టి, దాని చేతుల చివర ఈ అతుకు కొసలు తగిలించాలన్నాడు.

చెప్పినంత తేలిక కాదు. తాను రాసిన పోగు తాను అనుకున్న జోడీనే వెతుక్కుంటుందని నమ్మకమేమిటి? దారిలో ఇంకోదానికి అతుక్కుంటే? దీనికి సీమన్ కనిపెట్టిన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. అతని మొదటి కూడలికి నాలుగు పోగులు, ఒక్కో పోగులో పదహారు అక్షరాలు. ప్రతి పోగునూ నాలుగేసి అక్షరాల మాటలుగా విడగొట్టాడు. మొదటి అక్షరంనుంచి నాలుగోదాకా ఒక మాట, రెండునుంచి ఐదుదాకా ఇంకో మాట, అలా పోగుకు పదమూడు మాటలు. నాలుగు పోగులకు యాభై రెండు. ఏ మాటా రెండోసారి రాకూడదు. అది మొదటి నిబంధన. కూడలి మలుపు మీదుగా పోయే మాటకు నేరుగా జోడీ అయ్యే మాట ఎక్కడా ఉండకూడదు. మలుపులో సీ-టీ-జీ-ఏ ఉంటే, మిగతా పోగుల్లో ఎక్కడ వెతికినా టీ-సీ-ఏ-జీ కనబడకూడదన్నమాట. అది కనబడితే రెండూ తిన్నగా అతుక్కుపోతాయి, మలుపు తిరగవు. ఇక మలుపు చుట్టూ ఉన్న నాలుగు జతలూ వేర్వేరుగా ఉండాలి, కూడలి జారకుండా.

తప్పు దారులన్నీ మూసేస్తే అణువులు గత్యంతరం లేక ఒప్పు దారిన పోతాయి. అవి వాటంతటవే కట్టుకుంటాయని మనం గొప్పగా చెప్పుకునే ఇల్లు ఇలా తలుపులు ముందే మూసిపెట్టిన ఇల్లు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ మూసివేతల పనే. నిమిషాల్లో అయిపోయే కట్టుడు వెనక నెలల తరబడి అక్షరాలు కొట్టివేసిన కాగితాలుంటాయి.

పెన్సిల్వేనియా యూనివర్సిటీలోని నెవిల్ కాలెన్‌బాక్ చేయి కలిపాడు. 1983లో ‘నేచర్’ పత్రికలో వీళ్లిద్దరూ, ఇంకొకరూ కలిపి ముగ్గురి పేర్లతో పేపరు వచ్చింది. నాలుగు పోగులను నీళ్లలో కలిపితే నాలుగు చేతుల కూడలి ఏర్పడింది, జారలేదు. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. మందుకు పనికొస్తుందా, పంటకు పనికొస్తుందా అనడిగితే జవాబు లేదు మరి.

1988లో సీమన్ ఆల్బనీ వదిలి న్యూయార్క్ యూనివర్సిటీకి మారాడు. అక్కడ జుంగ్‌హై చెన్‌తో కలిసి 1991లో డీఎన్‌ఏ ఘనం కట్టాడు. ఎనిమిది మూలలు, మూలకొక మూడు చేతుల కూడలి. పన్నెండు అంచులు, ఒక్కో అంచు ఇరవై మెట్ల నిచ్చెన, అంటే ఏడు నానోమీటర్లు. ఆరు ముఖాలు, ఒక్కో ముఖం చుట్టూ ఒక్కో పోగు ఉంగరం. ఆరు ఉంగరాలూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి.

దాన్ని కంటితో చూపించే సాధనం వాళ్ల దగ్గర లేదు. అందుకని పగలగొట్టి నిరూపించారు. ఎంజైములతో ఒక్కో అంచునూ కోసి, జిగురు పలక మీద కరెంటు పెట్టి పరిగెత్తించారు. చిన్న ముక్కలు దూరం పోతాయి, పెద్దవి వెనకబడతాయి. ఉంగరాలు నిజంగా అలా చిక్కుకుని ఉంటే ఏ అంచు కోసినప్పుడు ఏ చార ఎక్కడ పడాలో లెక్క ముందే ఉంది. చారలు అక్కడే పడ్డాయి. ప్రపంచంలో మొదటి డీఎన్‌ఏ ఘనం గురించి మనకున్న సాక్ష్యం, దాన్ని ముక్కలు చేసినప్పుడు మిగిలిన చారలే.

చిక్కొకటి వచ్చింది. మూలలు వదులు. ముడులన్నీ సరిగ్గానే పడ్డాయి గానీ ఆకారం బిగిసి నిలబడదు. వంగే ఇటుకలతో గోడ లేవదు. చేపల బారు మళ్లీ దూరమైంది.

తర్వాతి ఏడేళ్లూ గబగబా చెప్పేస్తాను. రెండు నిచ్చెనలను పక్కపక్కన పెట్టి, పోగులు రెండుచోట్ల ఇటునుంచి అటు దాటేలా అల్లితే బిగువు వస్తుందని 1993లో తేలింది. క్యాలిఫోర్నియాలోని క్యాల్‌టెక్‌లో ఎరిక్ విన్‌ఫ్రీ అనే కుర్రవాడు ఆ బిగువైన ముక్కలతో నేల పరిస్తే అది కంప్యూటర్ చేసే లెక్కలాంటిదే అవుతుందని గుర్తుపట్టాడు. 1998లో సీమన్, విన్‌ఫ్రీ కలిసి ఆ పలకలతో చాపలు కట్టారు. ఈసారి కంటికి చూపించగలిగారు. సూదితో తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు కింద 33 నానోమీటర్లకొక చార. చాప సమతలంగా ఉంటుంది, స్ఫటికానికి మందం కావాలి. ఇంకా కాలేదు.

ఏడువేల అక్షరాల చిరునవ్వు

ఈలోగా క్యాల్‌టెక్‌లో ఒకాయన సీమన్ నియమాలను ఒక్కొక్కటే పక్కన పెట్టేశాడు.

పాల్ రోథ్‌మండ్ కంప్యూటర్ సైన్సూ, బయాలజీ రెండూ చదివినవాడు. అప్పటిదాకా ఈ పని చేసేవాళ్లది ఒకటే ఆచారం. పోగులన్నీ శుభ్రంగా వడకట్టాలి, సరిసమానంగా కొలిచి కలపాలి, లేకపోతే కట్టడం సగంలో ఆగిపోతుంది. రోథ్‌మండ్ దారి వేరు. ఎమ్13 అనే వైరస్ ఒకటుంది. మనిషినేమీ చేయదు, బ్యాక్టీరియా మీద బతుకుతుంది. దాని జన్యు పదార్థం ఒంటి పోగు, రోథ్‌మండ్ వాడిన రకంలో పొడవు 7,249 అక్షరాలు. వరుస మొత్తం ముందే తెలుసు, మార్కెట్లో దొరుకుతుంది. ఆ పొడుగు పోగును అటూ ఇటూ మడతలు వేసి తనకు కావలసిన బొమ్మంతా నింపినట్టు కంప్యూటర్లో గీశాడు. మడతలు విడిపోకుండా పక్కపక్క వరుసలను కలిపి పట్టే పొట్టి పోగులు రెండు వందలకు పైగా రాసి, తయారీ కంపెనీకి ఆర్డరు పెట్టాడు. వీటికి స్టేపుల్స్ అనే పేరు స్థిరపడింది.

వడకట్టలేదు. సరిగ్గా కొలవలేదు. స్టేపుల్స్‌ను కావలసినదానికంటే చాలా ఎక్కువే పోశాడు. ఉప్పునీళ్లలో అన్నీ కలిపి 95 డిగ్రీలకు వేడిచేసి, గది వేడికి చల్లారనిచ్చాడు. రెండు గంటలు కూడా పట్టలేదు.

ఆ ద్రావణంలో ఒక బొట్టు అప్పుడే పొరలు ఊడదీసిన అభ్రకం మీద వేశారు. అభ్రకం ఎందుకంటే పరమాణువుల స్థాయిలో కూడా అది నున్నగా ఉంటుంది. మైక్రోస్కోపు సూది ఆ నున్నటి నేల మీద ఒక్కో గీతా తడుముతూ పోతుంటే తెర మీద బొమ్మ పైనుంచి కిందికి గీతగీతగా దిగుతుంది. మొదట ఒక వంపు. తర్వాత రెండు ఖాళీలు, రెండు కళ్లు. ఆ కింద ఇంకో ఖాళీ, వంకర తిరిగిన నోరు. చిరునవ్వు. గుండ్రటి మొహం, అడ్డంగా కొలిస్తే వంద నానోమీటర్లు. ఒకటి కాదు, ఆ గొట్టంలో వేల కోట్లున్నాయి. నక్షత్రాలు, త్రిభుజాలు, చతురస్రాలు కూడా చేశాడు. అమెరికా ఖండాల పటం కూడా గీసి పెట్టాడు. 2006 మార్చి 16 ‘నేచర్’ ముఖచిత్రం మీద ఆ నవ్వు మొహాలు. పేపరు మీద పేరు ఒక్కటే, రోథ్‌మండ్.

అంత నిర్లక్ష్యంగా కలిపితే ఎలా కుదిరింది? వైరస్ పోగు ఒక్కటే పొడవుగా ఉండి అన్నిటికీ ఆధారమైంది. తప్పు స్టేపుల్ వచ్చి ఒకచోట అతుక్కున్నా గట్టిగా పట్టుకోలేదు. అదే చోటికి చెందిన స్టేపుల్ వస్తే దాన్ని తోసేసి కూర్చుంటుంది. స్టేపుల్స్ ఎక్కువ పోస్తే ఒప్పుది త్వరగా వస్తుంది, అంతే. మిగిలిపోయినవి కడిగితే పోతాయి. సీమన్ ఒక్కో తప్పునూ ముందే ఆపాలనుకున్నాడు. రోథ్‌మండ్ తప్పులను రానిచ్చి, వాటంతటవి దిద్దుకునే ఏర్పాటు చేశాడు. ఇద్దరిలో ఎవరిది గొప్ప అని అడిగితే నేను తేల్చలేను. ఎక్కువమంది నడిచింది మాత్రం రోథ్‌మండ్ దారిలోనే.

మన దేశంలోనూ అదే కాలంలో ఈ పని మొదలైంది. బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లో యమునా కృష్ణన్ బృందం 2009లో ఆమ్లం తగిలితే ముడుచుకునే డీఎన్‌ఏ సాధనం చేసి, బతికున్న కణం లోపలికి పంపి, అక్కడి ఆమ్లత ఎంతో చదివింది.

పడని ఇద్దరు, ఒకే గొలుసు

డీఎన్‌ఏ ఒక్కటే తనంతట తాను కట్టుకునేది అనుకుంటే పొరపాటు. ప్లాస్టిక్ కూడా కట్టుకుంటుంది, అక్షరం ముక్క రాకుండానే.

థర్మాకోల్ చేసే పాలీస్టైరీన్ గొలుసునూ, యాక్రిలిక్ షీటు చేసే పాలిమర్ గొలుసునూ చివరల్లో రసాయన బంధంతో ముడివేశారనుకోండి. వాటికి ఒకదానితో ఒకటి పడదు. విడివిడిగా ఉంటే నూనె, నీళ్లలా చెరోవైపూ చేరిపోయేవి. ముడి ఉంది కాబట్టి గొలుసు పొడవును మించి దూరం పోలేవు. వేడిచేసి కదలనిస్తే ఇటువాళ్లంతా ఒక చార, అటువాళ్లంతా పక్క చార, మళ్లీ ఇటువాళ్లు, ఇలా సర్దుకుంటాయి. చార వెడల్పు గొలుసు పొడవును బట్టి ఉంటుంది, పది నానోమీటర్లు కావాలంటే పది, ముప్పై కావాలంటే ముప్పై. ఇవి బ్లాక్ కోపాలిమర్లు. కొత్తవేమీ కావు. షెల్ కంపెనీ 1965 నాటికే ఈ జాతి రబ్బరును మార్కెట్లోకి తెచ్చింది. చెప్పుల అట్టల్లో వాడారు. కాలి కింద నానో నిర్మాణం ఉందని నడిచేవాళ్లకు తెలియదు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. వదిలేస్తే ఆ చారలు ఎటుపడితే అటు మెలికలు తిరుగుతాయి. కంప్యూటర్ చిప్ చేసేవాళ్లకు మెలికలు పనికిరావు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాల్ నీలీ బృందం దీనికి మందు కనిపెట్టింది. కింద పలక మీద ముందే సన్నటి గీతల దారి వేసి, ఆ దారికి పాలిమర్‌లో ఒక సగమంటే ఇష్టం ఉండేలా చేశారు. 2003లో గీతలు తిన్నగా పడ్డాయి. 2008లో ఇంకో అడుగు. ఈసారి చుక్కల నమూనా తీసుకుని, కావలసిన చుక్కల్లో నాలుగింటికి ఒకటే కింద వేశారు. మిగతా మూడూ పాలిమరే నింపుకుంది. పైగా కింద మనుషులు వేసిన చుక్కలు సైజులో హెచ్చుతగ్గులుంటే, పైన పాలిమర్ వేసుకున్నవి అంతకంటే సమానంగా వచ్చాయి. పటం గీసినవాడికంటే మేస్త్రీయే మెరుగు.

అయితే ఈ మేస్త్రీకి ఒకటే పాట వచ్చు. చారలు, చుక్కలు, మళ్లీ చారలు. ఈ చుక్క ఆ చుక్కకంటే వేరు అని చెప్పడానికి దానిలో అక్షరాలు లేవు. డీఎన్‌ఏలో ప్రతి చోటుకూ ఒక చిరునామా ఉంటుంది, ఇక్కడ బంగారు రేణువు, అక్కడ ప్రొటీన్ అని చెప్పి పెట్టించవచ్చు. కానీ ఖరీదెక్కువ, చిప్ మొత్తం మీద పరిచే శక్తి లేదు. 2009లో ఐబీఎం శాస్త్రజ్ఞులూ, రోథ్‌మండ్ కలిసి ఆ లోటు పూడ్చే ప్రయత్నం చేశారు. చిప్పుల ఫ్యాక్టరీల్లో వాడే పద్ధతితోనే పలక మీద త్రిభుజాల గుంటల్లాంటి అంటుకునే మచ్చలు గీసి, పైన డీఎన్‌ఏ త్రిభుజాలను పోశారు. త్రిభుజాలు వెళ్లి తమ ఆకారం ఉన్న మచ్చల్లోనే పడుకున్నాయి.

మొండివాడి స్ఫటికం

ఇదంతా జరుగుతుంటే సీమన్ ఏం చేస్తున్నాడు? స్ఫటికమే.

లోకం అంతా డీఎన్‌ఏ బొమ్మలు గీస్తుంటే అతను ఇంకా మూడు దిక్కుల బారు వెంటే పడ్డాడు. ఎన్నో ఆకారాలు ప్రయత్నించారు. కొన్ని కుదరలేదు. కొన్ని స్ఫటికాలైనా ఎక్స్‌రేలో మసగ్గా కనబడ్డాయి. చివరికి సాయం సీమన్ పాత శిష్యుడినుంచే వచ్చింది. పర్డ్యూ యూనివర్సిటీలో చెంగ్డే మావ్ 2004లో ఒక త్రిభుజం చేశాడు. మూడు నిచ్చెనలు ఒకదాని మీదుగా ఒకటి, కిందనుంచి ఒకటి దూరి ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. వంగదు. ముఖ్యంగా, ఆ మూడు నిచ్చెనలూ ఒకే సమతలంలో ఉండవు. మూడూ మూడు వేర్వేరు దిక్కులకు చూస్తాయి. మూడు దిక్కులకూ అతుకు కొసలు తగిలిస్తే బారు మందంగా పెరగడం తప్ప ఇంకో దారి లేదు.

ఒక్కో నిచ్చెనకు ఇరవై ఒక్క మెట్లు. కొసల్లో మిగిల్చిన అక్షరాలు రెండంటే రెండే. అంత పొట్టి కొసలు పట్టుకుంటాయా అనిపిస్తుంది. గట్టిగా పట్టుకుంటే మొదటిసారి ఎలా తగులుకుంటే అలాగే ఉండిపోతాయి, బారు చెడిపోతుంది. వదులుగా పట్టుకుంటే విడిపోయి, మళ్లీ సరిగ్గా కూర్చోవడానికి అవకాశం దొరుకుతుంది.

2009 సెప్టెంబరు. ‘నేచర్’లో జియాన్‌పింగ్ జెంగ్, సీమన్, మావ్, వాళ్ల సహచరుల పేపరు. స్ఫటికాలు పావు మిల్లీమీటరుకు పైనే ఉన్నాయి, మైక్రోస్కోపు లేకుండా కనబడేంత. ఎక్స్‌రేలో 0.4 నానోమీటర్ల దాకా వివరం దొరికింది. అన్నిటికంటే ముఖ్యం, లోపల కనబడ్డ ఆకారం ముందు కాగితం మీద గీసుకున్న ఆకారమే. పబ్బునుంచి లెక్కేస్తే ఇరవై తొమ్మిదేళ్లు. కొత్త ప్రొఫెసర్‌గా చేరినవాడికి అరవై నాలుగు దగ్గరపడింది.

మరుసటి ఏడాది కావ్లీ పురస్కారం. ఆయనతో పంచుకున్నది ఐబీఎమ్‌కు చెందిన డాన్ ఐగ్లర్. ఈ జోడీని ఎంచినవాళ్ల చమత్కారం మెచ్చుకోవాలి. ఐగ్లర్ 1989లో 35 జెనాన్ పరమాణువులను సూదిమొనతో ఒక్కొక్కటే నెట్టుకుంటూ పోయి తన కంపెనీ పేరు మూడక్షరాలు రాశాడు. సీమన్ జీవితమంతా ఒక్క అణువునూ చేత్తో నెట్టలేదు.

ఇక మొదటి కోరిక సంగతి. 2009 నాటి స్ఫటికంలో గదులున్నాయి, అన్నీ ఖాళీ. ప్రొటీన్లను బారులో నిలబెట్టాలన్న పథకం అలాగే మిగిలింది. ఈలోగా ప్రొటీన్ల లోకం వేరే దారి చూసుకుంది. స్ఫటికమే అక్కర్లేకుండా, అణువులను క్షణంలో గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో ఫొటోలు తీసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ బాగా ఎదిగి 2017లో నోబెల్ తెచ్చుకుంది. ఆల్బనీలో సీమన్ నిద్ర చెడగొట్టిన సమస్యను అది చాలావరకు చుట్టుదారిన దాటేసింది.

సీమన్ దాంతో ఆగిపోలేదు. 2010లో గదుల్లో రంగు అణువులు తగిలించాడు. ఒక రంగు పెడితే స్ఫటికం గులాబీ, ఇంకోటి పెడితే నీలం, రెండు రకాల త్రిభుజాలకు చెరొకటి పెడితే ఊదా. 2017లో స్ఫటికం లోపలే పనిచేసే పరికరం ఒకటి అమర్చారు. బయటినుంచి ఒక డీఎన్‌ఏ పోగును పంపితే అది గదుల్లోకి ఈదుకుంటూ పోయి లోపలి పోగును తోసేసి తాను కూర్చుంటుంది, స్ఫటికం రంగు మారిపోతుంది. ఇంకోటి పంపితే మళ్లీ మారుతుంది. గట్టి స్ఫటికంలో ఇన్ని రాకపోకలు సాగుతాయని 1982 పేపరు రాసిననాడు ఎవరనుకున్నారు? 2021 నవంబరు 16న, డెబ్భై అయిదేళ్ల వయసులో ఆయన కన్నుమూసేనాటికి డీఎన్‌ఏతో కట్టడాలు కట్టే ప్రయోగశాలలు ప్రపంచమంతటా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ప్రొటీన్ స్ఫటికాలతో సంబంధమే లేదు.